చెయ్యి చాపే ముందు

గోపాలపట్నానికి ఒక పక్క సింహాచలం కొండ, ఇంకో పక్క మేఘాద్రిగెడ్డ. నడుమ రైలు పట్టాలు, కాలనీలు, సందులు. నేను ఇక్కడ కాపురం పెట్టిన కొత్తలో కొండవాలున పనసచెట్లు, అనాసతోటలు కనిపించేవి. ఇప్పుడు చాలాచోట్ల అపార్టుమెంట్లు లేచాయి. తోటలు పోయాయి గాని వాటిలో బతికిన ప్రాణులు ఎక్కడికి పోతాయి? మొదటి వాన పడగానే కాలవ వెంట కొండచిలువ దిగుతుంది. మెట్ల కింద నాగుపాము చుట్టుకుంటుంది. అటకమీద మానుపిల్లి పిల్లల్ని పెడుతుంది. రైల్వే లోకో షెడ్డులో ఉద్యోగం చేస్తూ, డ్యూటీ లేని వేళల్లో వాటికోసం తిరిగాను. రిటైరయ్యాక ఆ పనే కుర్రాళ్లకీ ఆడపిల్లలకీ నేర్పుతున్నాను. పుస్తకం చూసి నేర్చుకున్నది తక్కువ, చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నది ఎక్కువ. ఆ కాలినచోట్లు మీకు చూపించడానికే ఇది రాస్తున్నాను.

1. పట్టుకోవడం నెల్లాళ్లలో వస్తుంది, ఆగడం ఏళ్లకి గాని రాదు.

కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ మొదటిరోజే అడుగుతారు: "మాస్టారూ, పాముని ఎప్పుడు పట్టిస్తారు?" నేను వాళ్లని వేపచెట్టు కింద కూర్చోబెట్టి గోరింక పిల్లని చూపిస్తాను. గూడు దిగిన పిల్ల కొన్నాళ్లు సరిగ్గా ఎగరలేక నేలమీద గెంతుతూ ఉంటుంది. చూసినవాళ్లు దెబ్బ తగిలిందనుకుంటారు. కాస్త దూరంగా వెళ్లి నిలబడితే తల్లి పురుగుని ముక్కున కరుచుకుని వస్తుంది. తొలి రోజుల్లో అలాంటి పిల్లల్ని ఎన్నిటినో జోళ్లపెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చాను. కాపాడాననుకున్నాను. నిజానికి తల్లి దగ్గర్నుంచి ఎత్తుకొచ్చాను. మనిషి చెయ్యి తగిలిన పిల్లని తల్లి చేరనివ్వదన్నది ఉత్తమాట. ఈకలు రాని పిల్ల గూట్లోంచి జారిపడితే తిరిగి గూట్లో పెట్టెయ్యవచ్చు. తాబేలు పిల్లల సంగతీ ఇంతే. మన తీరంలో చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఒక్కో గూట్లో సుమారు 100 గుడ్లు. పిల్లలు బయటపడడానికి 45 నుంచి 60 రోజులు. అటవీశాఖవాళ్లు, 1996లో మొదలైన మన విశాఖ జంతుసంరక్షణ సంస్థవాళ్లు ఆ గుడ్లకి కాపలా కాశారు. పిల్లలు ఇసుకలోంచి పైకి రాగానే వలంటీర్లు వాటిని దోసిట్లోకి తీసుకుని నీళ్లలో వదలబోతారు. వద్దు. ఆ నడక వాటిది. కుక్కల్నీ కాకుల్నీ టార్చిలైట్లనీ దూరంగా ఉంచడం మాత్రమే మనది.

2. చీకటి, వెచ్చదనం, సద్దు లేకపోవడం: మందుకన్నా ముందు ఇవి మూడూ.

మేఘాద్రిగెడ్డ గట్టున ఒకసారి తెల్లకొంగ రెక్కకి గేలం దారం చుట్టుకుని పడి ఉంది. దారం విడదీశాను. పాపం దాహంగా ఉందేమోనని చెంచాతో నోట్లో నీళ్లు పోశాను. నా చేతుల్లోనే పోయింది. తర్వాత ఒక పశువైద్యుడు చనిపోయిన ఆ కొంగ నోరు తెరిచి చూపించారు. నాలుక మొదట్లో సన్నని చీలికలాంటి కన్నం ఉంది. గాలి పీల్చేది దానిలోంచే. నేను పోసిన నీళ్లు నేరుగా అందులోకి పోయాయి. అప్పట్నుంచి మా పద్ధతి ఇది. పక్షి తలమీద ముందు పల్చని గుడ్డ కప్పాలి. కళ్లకి చీకటి పడితే గుండెదడ తగ్గుతుంది. దారాన్ని లాగకుండా కత్తెరతో ముక్కలు చెయ్యాలి. కొంగ అయితే మీ కళ్లకి అద్దాలు ఉండాలి. అది పొడిచేది కళ్లనే. తర్వాత కన్నాలు పెట్టిన అట్టపెట్టె, లోపల పాత తువ్వాలు, పైన మూత. తిండి వద్దు, నీళ్లు వద్దు, మాటిమాటికీ మూత తీసి చూడడం అసలే వద్దు. ఉడతపిల్లలకి ఆవుపాలు పట్టి విరేచనాలతో చంపినవాళ్లు మన వీధుల్లో ఎంతమందో. అడవి ప్రాణికి దెబ్బకన్నా భయం పెద్ద శత్రువు. పెనుగులాటలో కండలు దెబ్బతిని, బాగానే ఉందనుకున్న జంతువు ఒకటి రెండు రోజుల తర్వాత హఠాత్తుగా చనిపోవచ్చు. మీ ముద్దు మాటలు దానికి పులి గాండ్రింపుతో సమానం.

3. పాముకి మనం అక్కర్లేదు, దానికి కావలసింది ఒక చీకటి కన్నం.

అరచెయ్యంత వెడల్పున్న ప్లాస్టిక్ గొట్టం తీసుకుని, ఒక చివర నల్లగుడ్డ సంచీ బిగించి కడతాం. గొట్టం మూతిని గోడవారగా, పాము తల ఉన్న వైపు పెడతాం. తోక దగ్గర హుక్కుతో మెల్లగా కదుపుతాం. మూలకి చేరిన పాముకి ఒక పక్క మనుషులు, ఒక పక్క వెలుతురు. చీకటిగా కనిపించేది ఆ గొట్టం ఒక్కటే. ముందు నాలుక ఆడిస్తుంది. తల లోపల పెట్టి ఆగుతుంది. సరిగ్గా అక్కడ కొత్తవాళ్లు తొందరపడతారు. తోస్తే వెనక్కి తిరుగుతుంది, ఊరుకుంటే మొత్తం ఒళ్లు దానంతటదే జారిపోతుంది. అప్పుడు సంచీ మెడ మెలితిప్పి, మడిచి కట్టాలి. కట్టు కింద చెయ్యి పెట్టకూడదు, గుడ్డలోంచి కూడా కోర దిగుతుంది. ఎప్పుడూ ఇద్దరు వెళ్లాలి. ఒకరు పాముని చూడాలి, రెండోవారు జనాన్ని చూడాలి. హైదరాబాదులో 1995లో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఈ పనికి వలంటీర్లని తర్ఫీదు చేస్తూ వచ్చింది. పాము పట్టడం నాగస్వరంతోనో మంత్రంతోనో అయ్యే పని కాదని, నేర్చుకుంటే ఎవరికైనా వచ్చే పని అని జనం నమ్మడానికి అలాంటివాళ్లే కారణం.

4. చప్పట్ల కోసం పాముని పట్టేవాడు ఎప్పుడో ఒకప్పుడు ఆస్పత్రిలో తేలతాడు.

నా దగ్గర నేర్చుకున్న ఒక కుర్రాడు మంచి చురుకైనవాడు. ఒక కాలనీలో నాగుపాముని మెడ దగ్గర పట్టుకుని, సంచీలో వెయ్యకుండా సెల్‌ఫోన్లకి చూపిస్తూ నిలబడ్డాడు. ఎవరో "ఇటు తిప్పన్నా" అన్నారు. తిప్పేటప్పుడు పట్టు సడలింది. సమయానికి మందు పడబట్టి బతికాడు గాని చూపుడువేలు పోయింది. ఆ మెడపట్టు నేర్పింది నేనే. వయసులో ఉండగా నేనూ అలాగే నలుగురి మధ్య నిలబడేవాణ్ని, అది చూసే వాడు నా దగ్గరికి వచ్చాడు. వాడి తల్లి నన్నేమీ అనలేదు. అని ఉంటే తేలికగా ఉండేది. ఆ తర్వాత శిక్షణలోంచి మెడపట్టు తీసేశాను. పాముకాటుని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో పోయినవాళ్లు సుమారు 12 లక్షలని, అంటే ఏటా సగటున 58,000 మంది అని ఒక పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది. అందులో సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. కాటు పడితే ఉంగరాలు, గాజులు తీసెయ్యండి. కరిచిన చేతిని గాని కాలిని గాని కదలకుండా బద్దతో కట్టండి. బిగించి తాడు కట్టడం, కోసి పీల్చడం, పసరు పొయ్యడం, ఇవేవీ చెయ్యకండి. తిన్నగా విశాఖ పెద్దాస్పత్రి కేజీహెచ్‌కో, విషానికి విరుగుడు మందున్న దగ్గరి ఆస్పత్రికో వెళ్లండి. ఆ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికే తయారైంది. గిరినాగు కాటుకి పనిచెయ్యదు.

5. జంతువుని పట్టేముందు జనాన్ని పట్టుకోవడం రావాలి.

నాగులచవితికి పుట్టలో పాలు పోసినవాళ్లే మర్నాడు నట్టింట్లో పాము కనిపిస్తే కర్ర అందుకుంటారు. వాళ్లని వెక్కిరించి లాభం లేదు. ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని "బాబూ, అది మా ఇంటి మీద పగబట్టీసింది, చంపీండి" అని ఏడ్చింది. తొలిరోజుల్లోనైతే పాముకి పగ ఉండదని, పాలు అరగవని ఉపన్యాసం ఇచ్చేవాణ్ని. జనం విని, నేను వెనుదిరగగానే తర్వాతి పాముని చంపేవాళ్లు. ఆ రోజు మాత్రం "మామ్మా, మీ బియ్యం బస్తాల దగ్గర ఎలకలున్నాయా?" అని అడిగాను. ఉన్నాయంది. "ఇది వాటికోసం వచ్చింది. ఎలకల్ని పంపించెయ్, ఇది రాదు" అన్నాను. ఆ మాట ఆవిడకి ఎక్కింది, వీధంతా చెప్పింది. మాడుగుల వైపు పల్లెల్లో ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీవాళ్లు గిరినాగు గురించి రైతులతో మాట్లాడిన తీరూ ఇలాంటిదే. గిరినాగు తిండి ముఖ్యంగా ఇతర పాములు. పాముల్లో ఆకులు పోగుచేసి గూడు కట్టుకునేది అదొక్కటే. ఈ రెండు సంగతులూ తెలిసిన రైతు దాన్ని చూసే చూపు మారుతుంది. జనం గుమిగూడినచోట ముందు ఆ ఇంటి పెద్దావిడని పలకరించండి. కుర్రాళ్లకి పని చెప్పండి: ఒకణ్ని పిల్లల్ని లోపలికి పంపమనండి, ఒకణ్ని దూరం నుంచి పాము మీద కన్ను వేసి ఉంచమనండి. పనిలేని చేతులే రాయి విసురుతాయి.

6. చట్టం తెలియని జాలి నేరం కింద లెక్క.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడమే కాదు. పట్టుకోవడం, ఉచ్చు పన్నడం, గుడ్లు తియ్యడం కూడా వేటే. చట్టానికి విరుద్ధంగా పట్టినా, ఉంచుకున్నా ఆ అడవి ప్రాణి ప్రభుత్వ ఆస్తి. అలాంటిది మన చేతికి వస్తే 48 గంటల్లోగా దగ్గరి పోలీస్ స్టేషనుకో, అధికారం ఉన్న అధికారికో చెప్పాలి. రామచిలుక ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షి. అయినా మన పేటల్లో పంజరాలకి కొదవలేదు. రెక్క విరిగిన చిలుకని తెచ్చి, బాగయ్యాక వదలడానికి మనసొప్పక ఉంచుకున్న వలంటీర్లు నాకు తెలుసు. నక్షత్ర తాబేలు ఇంట్లో ఉంటే కలిసివస్తుందని అక్వేరియంలో పెట్టినవాళ్లూ తెలుసు. అందుకే మా దగ్గర ఒక రిజిస్టరు ఉంటుంది. ఏ రోజు, ఏ చోట, ఏ ప్రాణి, ఏ స్థితిలో, ఏ అధికారికి చెప్పాం, ఎక్కడ విడిచాం. షెడ్డులో లోకోకి లాగ్‌బుక్ రాసినవాణ్ని కాబట్టి నాకది కష్టమనిపించలేదు. కుర్రాళ్లు గొణిగారు. ఒకసారి ఎవరో మా కుర్రాడు పాములు అమ్ముకుంటున్నాడని ఫిర్యాదు చేస్తే ఆ రిజిస్టరే వాణ్ని కాచింది. పెద్ద చికిత్స అవసరమైనవాటిని అటవీశాఖ ద్వారా జూకి పంపాలి. ఎండాడ దగ్గర కంబాలకొండ పక్కన 1977 నుంచి ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల ఉంది. అక్కడి పశువైద్యులకి తెలిసినదాంట్లో నాకు పదోవంతు కూడా తెలియదు.

7. విడిచిపెట్టడం తెలియకపోతే కాపాడడం సగంలో ఆగినట్టే.

ఏళ్ల తరబడి గోపాలపట్నంలో పట్టిన ప్రతి పామునీ స్కూటరు మీద కంబాలకొండకి తీసుకెళ్లి విడిచాను. అడవి కదా, హాయిగా ఉంటుందనుకున్నాను. పాముకి తన తావు తెలుసు. ఎలక ఏ గట్టున తిరుగుతుందో, ఎండకాలం నీళ్లెక్కడుంటాయో, దాక్కునే కన్నం ఎక్కడుందో తెలుసు. కొత్తచోట విడిస్తే ఆ తావు వెతుక్కుంటూ తిరిగి తిరిగి, రోడ్డు దాటుతూనో ఆకలితోనో చచ్చిపోతుంది. నేను పుణ్యం కట్టుకున్నాననుకున్న ఆ పాముల్లో ఎన్ని బతికాయో లెక్క ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు అటవీ అధికారికి చెప్పి, దొరికిన చోటికి దగ్గర్లోనే, ఇళ్లు లేని పొదల వారన విడుస్తాం. ఇంకో తప్పు ఇంతకన్నా బాధ పెడుతుంది. తల్లి పోయిన మానుపిల్లి కూనని నేనూ మా ఆవిడా పెంచాం. భుజమెక్కేది, చేతిలో అరటిపండు తినేది. పెద్దయ్యాక కొండ వారన వదిలాం. మనిషన్నా కుక్కన్నా భయం తెలియని ప్రాణి అది. పక్కవీధి కుక్కల దగ్గరికి నడిచి వెళ్లింది. కూనల్ని పెంచాల్సివస్తే ఒక్కరే, మాట్లాడకుండా, మొహం కనపడకుండా తిండి పెట్టాలని తర్వాత తెలిసింది. అది మనల్ని ప్రేమించకుండా చూసుకోవడం కూడా ఈ పనిలో భాగమే.

8. విపత్తులో ముందు మీరు బతికుండాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లిన మర్నాడు కొండ మీద ఆకు లేదు. రెక్కలు తడిసి, వాలే కొమ్మ లేక పక్షులు గోడల వారన కూలబడ్డాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్లకి అడ్డంగా చెట్లు. ఆ రోజు పనికొచ్చినవి అట్టపెట్టెలు, పాత దుప్పట్లు, రెండు కాళ్లు, అంతే. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ విషవాయువు వీధుల్ని కమ్మినప్పుడు సంగతి వేరు. మనుషులే రోడ్డు మీద పడిపోయారు. ఆ ఆవిరి గాలికన్నా బరువైంది, నేలకి దగ్గరగా పరుచుకుంటుంది. పాకల్లో కట్టేసిన పశువులకి, గొలుసున్న కుక్కలకి పారిపోయే దారి లేకపోయింది. మా దగ్గర నేర్చుకునే పిల్లలు కొందరు లోపలికి పరిగెత్తబోయారు. సరైన మాస్కు లేనిదే ఎవరూ కదలకూడదని ఆపేశాను. ఒకమ్మాయి "మీకు మనసు లేదు మాస్టారూ" అంది. షెడ్డులో ఎర్రజెండా పెట్టకుండా లోకో కిందికి దూరనిచ్చేవాళ్లం కాదు, ఇదీ అంతే అన్నాను. ఆ అమ్మాయికి ఆ మాట నచ్చలేదు, నాకూ నిద్ర పట్టలేదు. అయినా మళ్లీ ఆ రోజు వస్తే మళ్లీ ఆపుతాను. ఫ్యాక్టరీల దగ్గర ఉండేవాళ్లకి అప్పట్నుంచి ఒకటే చెబుతున్నాను. రాత్రిపూట పశువుకి ఒక్క గుంజుతో ఊడే ముడి వెయ్యండి. ఇల్లు వదిలి పరిగెత్తేటప్పుడు ఆ ముడి లాగడానికి క్షణం చాలు.

9. చావుని కూడా రిజిస్టరులో రాయండి.

మన దగ్గరికి వచ్చే ప్రాణుల్లో చాలా వరకు పోతాయి. కుక్క నోట పడిన ఉడత, కరెంటు తీగ తగిలిన గబ్బిలం, మాంజా దారంతో రెక్క ఎముకదాకా తెగిన గద్ద. సింథటిక్ మాంజాని 2017లో జాతీయ హరిత ట్రైబ్యునల్ దేశమంతటా నిషేధించినా ఆ దారం ఇంకా చెట్లకి వేలాడుతూనే ఉంది. మొదట్లో నేను బతికినవాటినే రాసేవాణ్ని. పిల్లలు అది చూసి, తమ చేతిలో ఏదైనా పోతే తామే చేతగానివాళ్లమనుకుని మానేసేవారు. చావులు కూడా రాయడం మొదలుపెట్టాక ఎందుకు పోయిందో అడగడం నేర్చుకున్నారు. బాగుపడని బాధకి ముగింపు చెప్పే మాట మాత్రం వైద్యుడిదే, మనది కాదు. మీ ఒంటి సంగతి కూడా ఇక్కడే చెబుతాను. ముంగిస, కోతి, నక్క, మానుపిల్లి కరిచినా గీరినా పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదేరోజు రేబిస్ టీకాకి వెళ్లండి. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ముందస్తు టీకాలు వేయించుకున్నాకే నా దగ్గర చేతికి తొడుగు ఇస్తాను. చిన్న గీతే కదా అని నేను కొన్నాళ్లు తిరిగాను. ఏమీ కాలేదు. అది నా తెలివి కాదు, అదృష్టం. అదృష్టాన్ని పాఠంగా చెప్పకూడదు.

10. మనల్ని పిలవనక్కర్లేని వీధే మన శిక్షణకి ఫలితం.

ఒకప్పుడు రోజుకి ఎన్ని పిలుపులొస్తే అంత గొప్పనుకునేవాణ్ని. ఈమధ్య వెంకటాపురం వైపు నుంచి ఒకావిడ ఫోన్ చేసి, "మాస్టారూ, దొడ్లోకి జెర్రిపోతొచ్చింది. పిల్లల్ని లోపలెట్టి తలుపేసీసాను. గోడవార నుంచి దాని దారిన అది పోయింది. మీరు రానక్కర్లేదు, చెప్దామని చేశాను" అంది. ఇన్నేళ్లలో నేను విన్న మంచి మాటల్లో అదొకటి. ఆవిడ మా శిక్షణకి ఎప్పుడూ రాలేదు. మా దగ్గర నేర్చుకున్న పక్కింటి అమ్మాయి ఆవిడకి జెర్రిపోతుకీ నాగుకీ తేడా చెప్పిందట. అంటే పాము పట్టడం వచ్చిన పదిమందికన్నా, పామేదో పోల్చుకుని పక్కకి తప్పుకోవడం వచ్చిన వీధి ఎక్కువ ప్రాణుల్ని కాపాడుతుంది, మనుషుల్ని కూడా. కాబట్టి వానలకి ముందే మీ ఇంటి వెనక ఇటుకల కుప్ప తీయించండి. కాలవ కన్నాలకి జాలీ వెయ్యండి. నేలమీద పడుకునేవాళ్లకి దోమతెర కట్టించండి, కట్లపాము రాత్రిపూట పక్కలోకే వస్తుంది. ఇంటి నుంచి ఇంటికి ఈ నాలుగు మాటలు చెప్పండి. అంతా చేశాక ఇంకా నేర్చుకోవాలనుంటే ఆదివారం పొద్దున్నే రండి. గమ్‌బూట్లు, టార్చిలైటు, రాసుకోవడానికి ఒక పుస్తకం తెచ్చుకోండి. మిగతా సామాను నా దగ్గరుంది.